కడిగి వాడుకునే ఎయిర్ ఫిల్టర్: సెన్సార్ చెడకుండా ఎలా చేయాలి?

మార్చిలో ఒక ఆదివారం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌లో బిర్యానీ తిని బయటికొచ్చాం. నోయిడాలో ఉద్యోగం చేసే మా గుంటూరు తమ్ముడు కారు స్టార్ట్ చేశాడు. డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది, ఇంజిన్ స్టార్టయ్యాక కూడా ఆరలేదు.

"రెండు వారాల నుంచీ ఇదే వరస అన్నా. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి లాగటం లేదు. సెన్సార్ పోయింది, కొత్తది వెయ్యాలంటున్నాడు మెకానిక్."

"ఈ మధ్య కారుకి ఏమైనా చేయించావా?"

"ఏమీ లేదన్నా. ఎయిర్ ఫిల్టర్ విప్పి కడిగి, నూనె పట్టించానంతే. ఎలాగూ డబ్బా ఉంది కదా అని మొత్తం కొట్టేశాను. నూనె ఎక్కువుంటే దుమ్ము ఎక్కువ పట్టుకుంటుంది కదా?"

అలా అనుకోవడం సహజమే. ఢిల్లీ దుమ్ము చూసినవాళ్లెవరికైనా ఆ ఆలోచన వస్తుంది. ఫిల్టర్‌ను ఎలా కడగాలో, నూనె ఎంత వెయ్యాలో అతనికెవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కారు బానెట్ ఎప్పుడూ ఎత్తనివాళ్లు కూడా చేసుకోగలిగేలా, మొదటి నుంచీ చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు: లోపల ఏం జరుగుతోంది?

ఒక లీటరు పెట్రోలు మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువులో చెప్పాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. ఈ లెక్క తప్పకుండా చూసుకునేది ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ. ఎంత గాలి లోపలికొస్తోందో తెలిస్తేనే ఎంత పెట్రోలు చల్లాలో అది తేల్చుకోగలదు.

ఆ గాలిని కొలవడానికి కార్లలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్, మెకానిక్కులు మ్యాఫ్ అంటారు. ఫిల్టర్ డబ్బా దాటగానే గాలి గొట్టంలో ఉంటుంది. దాని లోపల వెంట్రుకలాంటి సన్నటి తీగో, పలచటి పొరో ఉంటుంది. దాన్ని కరెంటుతో చుట్టూ ఉన్న గాలికంటే బాగా ఎక్కువ వేడిగా ఉంచుతారు. గాలి తగిలితే అది చల్లబడుతుంది. మళ్లీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఎంత గాలి వెళ్లిందో లెక్కకడతారు. వేడి అన్నం మీద విసనకర్ర ఎంత గట్టిగా విసిరితే అంత త్వరగా చల్లారినట్టే.

రెండోది మ్యానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్, మ్యాప్. ఇది థ్రాటిల్ దాటాక ఇంజిన్‌కి దగ్గరగా ఉండి ఒత్తిడిని కొలుస్తుంది. గాలి ఎంతో దాన్నిబట్టి ఈసీయూ లెక్క కడుతుంది. మన దేశంలో చిన్న పెట్రోలు కార్లు చాలావాటికి మ్యాప్ మాత్రమే ఉంటుంది. డీజిల్ కార్లలో, కొన్ని పెట్రోలు కార్లలో మ్యాఫ్ ఉంటుంది. పేర్లు రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి మెకానిక్ దగ్గర మాట్లాడేటప్పుడు "గాలి గొట్టం మీదదా, మ్యానిఫోల్డ్ మీదదా" అని అడగండి.

కడిగి వాడుకునే ఫిల్టర్లలో ఎక్కువ భాగం నూలు గాజ్ గుడ్డ పొరలతో చేస్తారు. దానికి పలచగా జిగురు నూనె పట్టిస్తే దుమ్ము ఆ నూనెకు అంటుకుంటుంది. నూనె సరైన కొలతలో ఉంటే అక్కడే ఉండిపోతుంది. తయారీదార్లూ ఆ మాటే చెబుతారు, అందులో అబద్ధం లేదు. నూనె ఎక్కువైతే గాలి వేగానికి సన్నటి తుంపర లేచి వెళ్లి మ్యాఫ్ తీగ మీద పొరలా పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. తీగకు దుప్పటి కప్పినట్టవుతుంది. గాలి వెళ్తున్నా తీగ చల్లబడాల్సినంత చల్లబడదు. ఈసీయూ గాలి తక్కువ వస్తోందనుకుని పెట్రోలు తక్కువ చల్లుతుంది. మా తమ్ముడి కారు ఫ్లైఓవర్ మీద లాగకపోవడానికి కారణం అదే.

డీజిల్‌లో దారి వేరు, బాధ ఒకటే. గాలి తక్కువని నమ్మిన ఈసీయూ పొగ రాకుండా డీజిల్ తగ్గిస్తుంది. పొగగొట్టం నుంచి తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాయువునూ తప్పు లెక్కతో నియంత్రిస్తుంది. పికప్ పోతుంది.

మొదటి అడుగు: మీ కారులో ఏ సెన్సార్ ఉందో చూడండి

ఇంజిన్ ఆపి, చల్లారాక బానెట్ ఎత్తండి. చదరంగా ఉండే నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది, దాని మూతకు క్లిప్పులో స్క్రూలో ఉంటాయి. ఫిల్టర్ ఉండేది అందులోనే. ఆ డబ్బా నుంచి ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం మీద, డబ్బాకు దగ్గర్లో, నాలుగైదు తీగల కనెక్టర్‌తో చిన్న ప్లాస్టిక్ ముక్క బిగించి ఉంటే అది మ్యాఫ్. అక్కడ రెండే తీగలున్న చిన్న సెన్సార్ ఉంటే అది గాలి వేడిని కొలిచేది మాత్రమే. మీ కారు మ్యాప్ రకం కావచ్చు.

మ్యాప్ రకమైతే నూనె భయం చాలావరకు తగ్గిపోతుంది. దుమ్ము భయం మాత్రం అలాగే ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. డాష్‌బోర్డు వెనక, గ్లవ్‌బాక్స్ లోపల ఉండే ఏసీ ఫిల్టర్‌ను ఎయిర్ ఫిల్టర్ అనుకుంటారు. అది ఇంజిన్ కోసం కాదు, మీ ఊపిరితిత్తుల కోసం. నవంబరులో గాలి కాలుష్య సూచీ (ఏక్యూఐ) 400 దాటే ఊళ్లో ఇంట్లో చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే డబ్బులు ముందు దాని మీద పెట్టండి. అందులో నూనె ఫిల్టర్ ప్రసక్తే లేదు.

రెండో అడుగు: పాత ఫిల్టర్ ఉండగానే అంకెలు రాసుకోండి

ఈ అడుగును దాదాపు అందరూ వదిలేస్తారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జ్వరం వచ్చాక థర్మామీటర్ పెడితే ఇప్పుడెంతుందో తెలుస్తుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో తెలియకపోతే పోల్చుకోలేం.

స్టీరింగ్ కింద, డ్రైవర్ కాళ్ల దగ్గర, పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, ఓబీడీ పోర్టు. దానికి గుచ్చే బ్లూటూత్ పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఫోన్లో దానికి తగిన యాప్ వేసుకుంటే ఈసీయూ చూస్తున్న అంకెలు మీకూ కనిపిస్తాయి.

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇవి రాసుకోండి:

గాలి ప్రవాహం, అంటే సెకనుకు ఎన్ని గ్రాములు. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో రెండు మూడు గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని యాప్‌లు మ్యాఫ్ లేని కార్లకు కూడా ఈ అంకెను లెక్కకట్టి చూపిస్తాయి, మోసపోవద్దు.

లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ఇది పెట్రోలు కార్లకు ప్రాణం లాంటి అంకె. ఈసీయూ వేసిన లెక్క తప్పని ఆక్సిజన్ సెన్సార్ చెబితే, ఎన్ని శాతం పెట్రోలు పెంచాల్సి వచ్చిందో, తగ్గించాల్సి వచ్చిందో ఇందులో ఉంటుంది. సున్నా నుంచి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే కారు సుఖంగా ఉన్నట్టు. 10 దాటితే ఎక్కడో ఏదో ఉంది.

లోపలికొచ్చే గాలి వేడి. నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకు మైలేజీ. అంతే, ఈ నాలుగు చాలు.

సీఎన్‌జీ కారైతే సీఎన్‌జీ మీద ఒకసారి, పెట్రోలు మీద ఒకసారి విడివిడిగా రాసుకోండి. రెండింటి ట్రిమ్ అంకెలూ ఒకటిగా ఉండవు.

మూడో అడుగు: కొనాలా వద్దా, కొంటే ఏది?

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఢిల్లీ చుట్టుపక్కల ఆఫీసుకీ ఇంటికీ తిరిగే మామూలు కారుకు, బానెట్ ఎత్తే అలవాటు లేని మనిషికి, కంపెనీ కాగితం ఫిల్టరే మంచిది. కొన్ని వందల్లో వస్తుంది, దుమ్ము పట్టాక తీసి పారేస్తే సరిపోతుంది. నూనె గొడవ లేదు. కడిగి వాడేదాని వల్ల చిన్న కారుకు పెరిగే పవర్ మీకు తెలిసేంత ఉండదు. పెరిగినట్టు అనిపించేది చాలాసార్లు శబ్దం.

అయినా కొనాలనుకుంటే, దాని పుట్టుక తెలుసుకోండి. ఈ రకానికి పేరు తెచ్చిన కే అండ్ ఎన్ కంపెనీని కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మోటార్‌సైకిల్ వ్యాపారులు పెట్టారు. 1969లో ఫిల్టర్లు మొదలుపెట్టారు. వీటిని వాడే రేసర్లు బండిని ఎప్పుడూ విప్పుతూనే ఉంటారు, ఫిల్టర్‌ను కడుగుతూనే ఉంటారు. మనమేమో బిగించి రెండేళ్లు మర్చిపోతాం. వస్తువు అదే, వాడే చేతులు వేరు.

నూనె అక్కర్లేని పొడి రకాలూ ఉన్నాయి. సింథటిక్ గుడ్డతో చేస్తారు, కడిగి ఆరబెట్టి పెట్టెయ్యడమే. మ్యాఫ్ ఉన్న కారుకు కడిగి వాడేదే కావాలంటే నేను ఇదే కొనమంటాను.

కొత్త ఫిల్టర్ అట్టపెట్టె మీద ఐఎస్‌ఓ 5011 పరీక్ష అంకె ఉందేమో చూడండి. ఫిల్టర్లను కొలిచే పద్ధతి అది. ఆ పరీక్షలో వాడే దుమ్ముకు మూలం అరిజోనా ఎడారి ఇసుక. ముతక దుమ్ముతో పరీక్షించారా, సన్న దుమ్ముతోనా అన్నది అడగాలి, ఎందుకంటే ముతక దుమ్ము ఆపడం తేలిక. ఇంకో సంగతి. 99 శాతం ఆపేదానికీ 98 శాతం ఆపేదానికీ తేడా ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. ఇంజిన్ వైపు నుంచి చూడండి: ఒకదాంట్లోంచి నూటికి ఒక వంతు లోపలికెళ్తోంది, రెండోదాంట్లోంచి రెండు వంతులు. దుమ్ము రెట్టింపు.

కశ్మీరీ గేట్ లాంటి పెద్ద మార్కెట్‌కు వెళ్తే పాత ఫిల్టర్‌ను వెంట తీసుకెళ్లండి. రెంటినీ పక్కపక్కన పెట్టి చుట్టూ ఉన్న రబ్బరు అంచు మందం, వెడల్పు సరిచూసుకోండి. అంచు మీద వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకి రావాలి. గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటే, మడతలు వంకరటింకరగా ఉంటే వదిలెయ్యండి. పేరున్న కంపెనీల నకిలీలు మార్కెట్లో తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు లేకుండా కొనవద్దు.

డబ్బా తీసేసి గొట్టం చివర పెట్టే శంకువు ఆకారం ఫిల్టర్ జోలికి మొదటిసారి వాళ్లు వెళ్లొద్దు. మ్యాఫ్‌ను కంపెనీ ఆ డబ్బాతో, ఆ గొట్టంతో, గాలి నిలకడగా వచ్చే ఆ దారితో కలిపి లెక్కకట్టి ఉంచుతుంది. డబ్బా తీసేస్తే గాలి సుడులు తిరుగుతుంది. ఒక్క చుక్క నూనె లేకపోయినా అంకె తప్పుతుంది. పైగా ఇంజిన్ వేడి గాలి పీలుస్తుంది. కారు వారంటీలో ఉంటే, మామూలు రకం మార్చే ముందు కూడా సర్వీసు సెంటర్లో అడిగి, జవాబు కాగితం మీదో మెయిల్లోనో తీసుకోండి.

నాలుగో అడుగు: బిగించడం

డబ్బా మూత తీయండి. పాత ఫిల్టర్‌ను ఆడించకుండా నెమ్మదిగా పైకెత్తండి, లేకపోతే దాని మీది దుమ్ము ఇంజిన్ వైపు గొట్టంలో పడుతుంది. డబ్బా అడుగున ఎండాకులు, ఇసుక, దోమల రెక్కలు ఉంటాయి. తడిగుడ్డతో తుడవండి. గాలి కొట్టే పంపు వాడవద్దు, దుమ్ము ఎగిరి శుభ్రమైన వైపు చేరుతుంది.

కొత్తదాన్ని పెట్టాక రబ్బరు అంచు చుట్టూ వేలు తిప్పుతూ రండి. ఎక్కడైనా వేలికి ఎత్తుపల్లం తగిలితే అక్కడ కూర్చోలేదని అర్థం. క్లిప్పులన్నీ పడాలి. ఒక క్లిప్పు విరిగి ఉంటే తీగతో కట్టి సరిపెట్టకండి, మూత సరిగా బిగవని డబ్బాలో ఎంత మంచి ఫిల్టరైనా వ్యర్థం. మ్యాప్ రకం కార్లవాళ్లకు నేను పైన చెప్పిన దుమ్ము భయం ఇదే. అంచు పక్కనుంచి దూరే సన్నటి ఇసుక ఏ సెన్సార్‌కూ కనిపించదు. ఏ లైటూ వెలగదు. సిలిండర్ గోడల్ని మాత్రం కొద్దికొద్దిగా గీస్తూ పోతుంది.

తర్వాత ఒక 200 కిలోమీటర్లు మామూలుగా తిరగండి. రెండో అడుగులో రాసుకున్న అంకెల్ని మళ్లీ అదే పద్ధతిలో చూడండి. ట్రిమ్ పాతదాని కంటే నాలుగైదు శాతానికి మించి జరగకపోతే నిశ్చింతగా ఉండండి.

ఐదో అడుగు: కడగడం, నూనె పట్టించడం

సెన్సార్లు చెడేది ఎక్కువగా ఈ రోజునే. తొందరపడకండి.

ఎప్పుడు కడగాలి అంటే, మన ఊళ్లోలా ఎప్పుడైనా కడిగి డాబా మీద పడేస్తే గంటలో ఆరే వాతావరణం ఇక్కడ ఢిల్లీ వైపు ఏడాదంతా ఉండదు. డిసెంబరు, జనవరి పొగమంచులో ఎండే రాదు, రోజంతా ఉంచినా గుడ్డ మడతల లోపల తడి మిగులుతుంది. వానాకాలం ఉక్కపోతలోనూ అంతే. హోలీ వెళ్లాక వచ్చే వారం మంచిది: ఎండ ఉంటుంది, మే, జూన్ నెలల దుమ్ము తుఫాను (ఆంధీ) ఇంకా మొదలవదు. దసరా ముందు ఇంకోసారి తీసి చూడండి, అవసరమైతేనే కడగండి. గట్టి ఆంధీ వచ్చి వెళ్లిన మర్నాడు మాత్రం డబ్బా మూత తీసి ఒక చూపు చూడటం మంచి అలవాటు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఏక్యూఐ చూసి భయపడి నెలనెలా ఫిల్టర్ కడిగేవాళ్లున్నారు. ఒక లెక్క వేద్దాం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు 10,000 కిలోమీటర్లలో దాదాపు 6,000 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. గాలిలో సన్నటి ధూళి (పీఎం 10) ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు ఏడాదంతా ఉందనుకున్నా, మొత్తం కలిపి దాదాపు రెండున్నర గ్రాములు. అర చెంచా ఉప్పంత. మనుషుల్ని చంపే ఆ సన్నటి మసి ఫిల్టర్‌ను అంత త్వరగా నింపదు. నింపేది రోడ్డు మీది ముతక దుమ్ము: గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో కట్టుబడి సాగుతున్న టవర్ల మధ్య దారి, మట్టి లారీ వెనక వెళ్లే పావుగంట. మీరు రోజూ వెళ్లే దారిని బట్టి నిర్ణయించుకోండి. ఊరికే కడిగితే నూనె పోస్తారు, నూనె పోస్తే పొరపాటుకు అవకాశం ఇస్తారు.

కడిగే పద్ధతి ఇది. మెత్తగా తట్టి పైదుమ్ము రాల్చండి. ఫిల్టర్‌తో వచ్చే క్లీనర్‌ను రెండు వైపులా చల్లి పది నిమిషాలు నాననివ్వండి, ఆరనివ్వొద్దు. తర్వాత శుభ్రమైన వైపు నుంచి, అంటే ఇంజిన్ వైపు ఉండే ముఖం నుంచి, కుళాయి నీళ్లు సన్నటి ధారతో పోయండి. దుమ్ము వచ్చిన దారినే బయటికి పోవాలి. మురికి వైపు నుంచి పోస్తే ఇంకా లోపలికి దిగుతుంది. కారు కడిగే ప్రెషర్ గన్, సర్ఫు, పెట్రోలు, కిరసనాయిలు వద్దు.

నోయిడా, గుర్‌గ్రామ్ సొసైటీల్లో బోరు నీళ్లే ఎక్కువ, బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు. అవే ఆరితే గుడ్డ మడతల్లోనూ ఆ ఉప్పు మిగులుతుంది. చివరిసారి ఒక లీటరు ఆర్‌వో నీళ్లు పోయండి. తాగే నీళ్లే, ఆర్‌వో నుంచి పక్కకు పోయేవి కాదు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టి ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్, కంప్రెసర్ గాలి తగిలితే గుడ్డ కుంచించుకుపోతుంది, చిరుగుతుంది. కనీసం ఒక రాత్రి వదలండి. తడి ఉండగా నూనె వేస్తే నూనె అంటుకోక, తర్వాత ఎగిరి సెన్సార్ మీదికి పోతుంది. ఆ రాత్రి కారు అవసరమైతే? అందుకే పాత కాగితం ఫిల్టర్‌ను పారేయకుండా ఉంచుకోండి.

ఇక నూనె. ఆ కంపెనీ ఇచ్చే నూనే వాడాలి. ఇంజిన్ ఆయిల్, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ పనికిరాదు. ఫిల్టర్ నూనెకు ఎర్రగానో నీలంగానో రంగు కలిపి ఉంటుంది, ఎక్కడ పడిందో కంటికి కనిపించడం కోసం. ప్రతి మడత శిఖరం వెంబడి ఒక్కసారి, సుమారు మూడు అంగుళాల దూరం నుంచి, ఒక్క గీత గీసినట్టు వెళ్లండి. ఆగండి. ఇరవై నిమిషాలు ఏమీ చేయకండి. నూనె గుడ్డలో పాకుతుంది, తెల్లగా ఉన్నచోట్లకు దానంతటదే చేరుతుంది. ఆ తర్వాత కూడా తెల్ల మచ్చలు మిగిలితే అక్కడ మాత్రం కొద్దిగా తాకించండి.

ఇప్పుడు నేను ఎప్పుడూ చేసే పరీక్ష. తెల్లటి టిష్యూ కాగితాన్ని ఇంజిన్ వైపు ముఖం మీద పరిచి అరచేత్తో మెల్లగా ఐదు సెకన్లు అదమండి. లేతగా రంగు అచ్చు పడితే ఫరవాలేదు. కాగితం తడిసి అవతలి వైపు కనిపిస్తే నూనె ఎక్కువైంది. ఇంకో రాత్రి టిష్యూల మీద బోర్లించి ఉంచి, మర్నాడు మళ్లీ చూడండి. బిగించే ముందు రబ్బరు అంచుకు అంటిన నూనె పూర్తిగా తుడిచెయ్యండి.

ఆరో అడుగు: లైటు వెలిగితే

కంగారుపడి సెన్సార్ మార్పించకండి. ముందు ఓబీడీ పరికరంతో కోడ్ చదవండి. పీ0171 అంటే ఇంజిన్‌కి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందని. పీ0101 అంటే మ్యాఫ్ అంకె నమ్మదగినట్టు లేదని. పీ0102, పీ0103 అయితే సిగ్నల్ మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో ఉందని, అక్కడ తీగలూ కనెక్టరూ కూడా చూడాలి. పీ0171కి గొట్టం చీలిక, వదులైన క్లాంపు కూడా కారణాలే. ఫిల్టర్ బిగించేటప్పుడు గొట్టం సరిగా తొడగలేదేమో మొదట అదే చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

మా తమ్ముడి కారు కోడ్ పీ0171. ట్రిమ్ 18 శాతం. అతను ఉండే సొసైటీలో పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంది. సెన్సార్ క్లీనర్ స్ప్రే మంట అంటుకునే రకం, గాలి ఆడనిచోట దాన్ని కొట్టకూడదు. అందుకని కారును గేటు బయట వేపచెట్టు కిందికి తెచ్చాం.

ఫిల్టర్ దాటిన గొట్టం లోపలి గోడను టిష్యూతో తుడిచాను. శుభ్రమైన కారులో అక్కడ పొడి బూడిదరంగు మరక మాత్రమే రావాలి. మా కాగితానికి జిగట ఎరుపు అంటింది, అందులో ఇసుక గరుకు వేలికి తెలుస్తోంది. తర్వాత కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, సెన్సార్‌ను ప్లాస్టిక్ తల పట్టుకుని తిన్నగా బయటికి లాగాం. ఫోన్ టార్చి వేసి చూస్తే సన్నటి తీగ చుట్టూ గోధుమరంగు నూగు. సాలెగూడు మీద పిండి పడితే ఎలా ఉంటుందో అలా.

శుభ్రం చేసే పద్ధతి: మ్యాఫ్ సెన్సార్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రే మాత్రమే వాడండి. బ్రేక్ క్లీనర్, కార్బురేటర్ క్లీనర్ ప్లాస్టిక్‌నూ పొరనూ తినేస్తాయి. పది సెంటీమీటర్ల దూరం నుంచి చిన్నచిన్న దెబ్బలుగా పది పదిహేను సార్లు కొట్టండి. వేలు, దూది పుల్ల, బ్రష్షు దేన్నీ తీగకు తాకించొద్దు. గుడ్డతో తుడిచి సెన్సార్ తెంపుకున్నవాళ్లు చాలామంది. నోటితో ఊదకండి, పంపు గాలి కొట్టకండి. వాసన పోయేదాకా, కనీసం ఇరవై నిమిషాలు, దానంతటదే ఆరనివ్వండి. గొట్టం లోపల కూడా తుడవండి, లేకపోతే రేపు మళ్లీ అదే నూనె ఎక్కుతుంది. సెన్సార్‌ను తిరిగి పెట్టేటప్పుడు బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకు ఉండాలి. రబ్బరు రింగు చీలలేదని చూసుకోండి.

కోడ్ చెరిపేస్తే ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నా అవుతుంది. అప్పుడు సున్నా చూసి బాగైందనుకోకండి. మళ్లీ 200 కిలోమీటర్లు తిరిగి, రకరకాల వేగాల్లో నడిపాక చూడాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడి ఉంటే ఈ తిరుగుడు పూర్తయ్యాకే పరీక్షకు వెళ్లండి. బీఎస్-4, ఆపై కార్లకు ఏడాదికోసారి చేయించాల్సిన ఆ సర్టిఫికెట్ లేకపోతే 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది. తప్పు లెక్కతో నడిచే ఇంజిన్ ఆ పరీక్షలో తప్పే ప్రమాదమూ ఉంది.

శుభ్రం చేశాక కూడా అంకె పాత చోటుకి రాకపోతే అప్పుడు సెన్సార్ మార్చండి. అందులో పిసినారితనం వద్దు, అగ్గువ నకిలీ సెన్సార్ అసలైన మురికి సెన్సార్ కంటే పెద్ద అబద్ధాలు చెబుతుంది.

మా తమ్ముడి కారుకు ఆ అవసరం రాలేదు. కాగితం ఫిల్టర్ వేసి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మథుర దాకా వెళ్లొచ్చాడు. రాత్రి ఫోన్‌లో అంకె పంపాడు: ట్రిమ్ 4 శాతం.

ఏడో అడుగు: డబ్బా మూత మీద రాయండి

ఫిల్టర్ కడిగిన తేదీ, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, ఆ రోజు ట్రిమ్ అంకె, ఐడ్లింగ్‌లో గాలి ప్రవాహం. మూత లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో రాయండి, బయట రాస్తే కడిగేవాళ్లు తుడిచేస్తారు. కారు అమ్మినా అది దానితోపాటే వెళ్తుంది. మా తమ్ముడు ఆ కారును పాతదిగా కొన్నప్పుడు ఆ నూనె ఫిల్టర్ అందులోనే వచ్చింది. మూత లోపల ఒక్క అక్షరం లేదు.